అడిగేవాళ్లకి ముందు చోటివ్వండి

దేవుడు లేడని పుస్తకాలు రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రిచర్డ్ డాకిన్స్, 2024 ఈస్టర్ సమయంలో ఒక రేడియో ఇంటర్వ్యూలో తనని తాను "సాంస్కృతిక క్రైస్తవుడు" అని చెప్పుకున్నారు. నమ్మకం మాత్రం లేదట. చర్చి పాటలు, క్రిస్మస్ కేరల్స్ ఇష్టమట. పాత చర్చిలు లేకుండా పోతే బాధేస్తుందట. అంతకు కొన్ని నెలల ముందే, 2023 నవంబరులో, అయాన్ హిర్సీ అలీ ఇంకా పెద్ద మాటే అన్నారు. ఆవిడ సోమాలియాలో ముస్లిం కుటుంబంలో పుట్టారు, తర్వాత నాస్తికురాలిగా పేరు తెచ్చుకున్నారు. అలాంటి మనిషి, తానిప్పుడు క్రైస్తవురాలినని ఏకంగా ఒక వ్యాసం రాశారు. తాను క్రైస్తవుణ్ణి ఎందుకు కాదో చెప్తూ బెర్ట్రాండ్ రస్సెల్ 1927లో ఇచ్చిన ప్రసంగం పేరుని తిరగేసి దానికి శీర్షిక పెట్టారు.

ఇవి పెద్దవాళ్ల సంగతులు. మన వయసు వాళ్ల సంగతి కావాలంటే ఫ్రాన్స్ వైపు చూడాలి. ప్రభుత్వాన్నీ చర్చినీ 1905లోనే చట్టం చేసి మరీ విడదీసిన దేశం అది. అక్కడ 2024 ఈస్టర్‌కి క్యాథలిక్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్లు 7 వేల పైచిలుకు. 2025లో ఆ సంఖ్య 10,384. అందులో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లే 42 శాతం. పైగా అది యాప్‌లో సైన్ అప్ అయినంత ఈజీ కాదు, నెలల తరబడి సిద్ధపడాలి.

అలాగని "యూరప్ మొత్తం చర్చికి తిరిగొచ్చేసింది" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయకండి. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పినవాళ్లు 2011లో 59.3 శాతం ఉంటే 2021కి 46.2 శాతానికి తగ్గారు. అంటే రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. పుట్టుకతో వచ్చిన పేరు వదిలేసేవాళ్లు వదిలేస్తున్నారు. ఇంకోవైపు కొంతమంది తమంతట తాము వెతుక్కుంటూ వస్తున్నారు. నన్ను ఆలోచింపజేసేది ఈ రెండోవాళ్లే. వీళ్లతో ఎలా మాట్లాడాలి?

నా అభిప్రాయం ఒక్కటే. వెతుక్కుంటూ వచ్చిన మనిషిని మన పక్షానికి దొరికిన పాయింట్‌గా చూస్తే ఆ మనిషిని అక్కడే పోగొట్టుకుంటాం. ఇది నమ్మేవాళ్లకీ వర్తిస్తుంది, నమ్మనివాళ్లకీ వర్తిస్తుంది.

మళ్లీ హిర్సీ అలీ దగ్గరికే వస్తాను. ఆవిడ వ్యాసంలో పాశ్చాత్య నాగరికతని కాపాడుకోవడం గురించి చాలా ఉంది, యేసు గురించి మాత్రం తక్కువ ఉంది. అందుకే చాలామంది "ఇది రాజకీయం, విశ్వాసం కాదు" అన్నారు. డాకిన్స్ కూడా అదే అనుకున్నారు. 2024 మేలో న్యూయార్క్‌లో ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చున్నారు. అక్కడ ఆవిడ తన డిప్రెషన్ గురించి, బతకాలని లేని రోజుల గురించి, ఏ దారీ లేక ప్రార్థన చేయడం గురించి చెప్పారు. ఆవిడ నిజంగా క్రైస్తవురాలు కాదని ఒప్పించడానికే వచ్చిన డాకిన్స్, అది విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. క్రైస్తవం నిజం కాదన్న తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. మనం నేర్చుకోవాల్సింది ఇదే. ఎదుటివాళ్లు చెప్పింది ఒప్పుకోకపోయినా, వాళ్లు ఏం చెప్తున్నారో అర్థం చేసుకోవచ్చు.

మన దగ్గర విశ్వాసం మీద మాటలు రెండు రకాలు. ఒకటి మౌనం, రెండోది గొడవ. యూట్యూబ్‌లో చూసేవి కూడా "ఒక్క ప్రశ్నతో నోరు మూయించాడు" టైపే. నిజానికి మూడో దారి మన దేశంలో వందేళ్ల కిందటే ఉంది. స్టాన్లీ జోన్స్ అనే అమెరికన్ మిషనరీ 1907లో ఇండియా వచ్చారు. తర్వాత ఆయన హిందువుల్ని, ముస్లింల్ని, క్రైస్తవుల్ని, నాస్తికుల్ని ఒకచోట గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించేవారు. వాదన వద్దు, ప్రసంగం వద్దు. మీ విశ్వాసం మీ జీవితంలో ఏం చేసిందో మీ అనుభవం నుంచి చెప్పండి, అంతే. ఆ అనుభవాలతో 1928లో పుస్తకం కూడా రాశారు.

ఇలా మాట్లాడాలంటే ముందు భాష కావాలి. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. చదువంతా ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో ప్రార్థన తెలుగులో. రక్షణ, మారుమనస్సు, సాక్ష్యం... ఇవి మాకు రోజూ వినే మాటలు. బయటివాళ్లకి సాక్ష్యం అంటే కోర్టు, రక్షణ అంటే సైన్యం! హాస్టల్‌లో ఒక ఫ్రెండ్ సూటిగా అడిగాడు: "రక్షణ రక్షణ అంటారు కదరా, అసలు దేన్నుంచి?" తప్పు చేశానన్న బరువు నుంచి, నన్నెవరూ క్షమించరన్న భయం నుంచి అని నాకు తెలిసినంతలో చెప్పాను. వాడు ఇంకో పది అడిగాడు. అందులో మూడింటికి తెలీదన్నాను. ఆ తర్వాతే వాడు వాళ్ల నాన్న చనిపోయిన సంగతి మాట్లాడాడు. తెలీదు అనడం ఓడిపోవడం కాదని నాకు అక్కడ అర్థమైంది.

గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'ని పద్యాల్లో రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చర్చి లోపలి మాటలు తెలియని తెలుగువాళ్లకి కూడా పద్యం తెలుసు. ఎదుటివాళ్లకి తెలిసిన రూపంలో చెప్పడం అంటే అదే.

"ఇదంతా మతం మార్చడానికి సాఫ్ట్ రూట్ కదా?" అని అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే కొన్ని గీతలు ఉండాలి. డబ్బు, సీటు, ఉద్యోగం ఆశ చూపిస్తే అది సంభాషణ కాదు, బేరం. ఒంటరిగా, దిగులుగా ఉన్నవాడి మీద ఒత్తిడి పెట్టకూడదు. వద్దు అంటే అక్కడితో ఆపాలి. అలాగే అటువైపు కూడా ఒక గీత ఉంది. ఎవరైనా బైబిల్ తెరిచినా, చర్చిలోకి తొంగి చూసినా "ఏంట్రా, మారిపోయావా?" అని వెక్కిరించకూడదు. మన రాజ్యాంగం 25వ అధికరణం మొదట చెప్పేది అంతరాత్మ స్వేచ్ఛ గురించే. వెతకడం, నమ్మడం, నమ్మకపోవడం మూడూ అందులోనే ఉన్నాయి.

మనలో చాలామంది రేపు ఎమ్మెస్ అని బయటికి వెళ్తాం. అక్కడ రూమ్‌మేట్ ఏదో ఒక రాత్రి "నువ్వు దేవుణ్ణి నమ్ముతావా?" అని అడగొచ్చు. జవాబు ఏదైనా సరే, నిజాయితీగా చెప్పండి. తర్వాత "మరి నువ్వు?" అని అడిగి, పూర్తిగా వినండి. అభిప్రాయాలు కలవకపోయినా మర్నాడు ఇద్దరూ కలిసి టీకి వెళ్లగలిగితే, ఆ మాటలు బాగా జరిగినట్టే.