భీమిలిని శివారు చేసేశారు

ఈమధ్య ప్లాట్ల ప్రకటన ఏది చూసినా భీమిలి పేరే. సముద్రం కనిపిస్తుందట, విశాఖకు దగ్గరట! విశాఖకు ఎంత దూరమో చెప్పడం తప్ప ఆ ఊరికి వేరే పరిచయమే లేనట్టు.

విశాఖకు హార్బరు లేని రోజుల్లోనే భీమిలి పేరున్న రేవు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ స్థిరపడి వ్యాపారం చేశారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. వెళ్లనివాళ్లు మాత్రం ఒడ్డునే సమాధుల్లో ఉన్నారు. పైకి మొనదేలిన ఆ కట్టడాలు, వాటి రాతిపలకల మీది డచ్చి అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. 1861కే ఇక్కడ పురపాలక సంఘం ఉంది.

మరి ఎక్కడ వెనకబడింది? 1890ల్లో వేసిన రైలుమార్గం భీమిలిని వదిలేసి విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక సరుకూ అటే మళ్లింది. పక్కనే చిట్టివలస జూట్‌మిల్లు మూతపడింది. చివరికి పురపాలక సంఘమూ మిగల్లేదు. 2021 నాటికి భీమిలి అంటే మహా విశాఖ 98 వార్డుల్లో కొన్ని వార్డులు, అంతే.

ఇన్ని పోయినా నేల ఉంది కదా అనుకుంటే, ఇప్పుడు కళ్లన్నీ దాని మీదే. ఊరికి ఈవల, బీచ్ రోడ్డు పక్కన ఎర్రమట్టి దిబ్బలు. పేరుకే మట్టి, నిజానికి అది ఇసుక. సముద్రం వెనక్కీ ముందుకీ జరిగిన వేల ఏళ్లలో గాలి తెచ్చి పోసింది. రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పట్టి ఎర్రబడింది. వాననీళ్లు కోసిన గాడుల్లోకి దిగితే రెండువైపులా ఎర్రగోడలు, చేత్తో గీరితే రాలే గోడలు. అంత మెత్తనిదాన్ని జేసీబీతో కదిపితే ఇంకేం మిగులుతుంది? జియలాజికల్ సర్వే దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా 2024లో అక్కడ తవ్వకాలు జరిగి గొడవైంది.

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని దారిలో తాటిపూడి నుంచి విశాఖకు తాగునీరిచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు తాగుతున్న నగరం దిబ్బల హద్దులైనా తేల్చలేదా? హద్దురాళ్లు పాతండి, పటం వార్డు ఆఫీసు గోడకు అంటించండి. భీమిలిలో స్థలం కొనేవాళ్లు కూడా అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పటం అడగండి.

– తీరవాసి