చేతితొడుగులు - చేతుల శుభ్రత

2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి వ్యాపించినపుడు, అంగడికి పోవు సామాన్యులు సైతము పలుచని రబ్బరు చేతితొడుగులు ధరింపసాగిరి. భయము సహజమే, కాని ఆ తొడుగును కవచమని నమ్ముట పొరపాటు. తొడుగు వేసిన చేయియు తలుపు గడియను, నాణెమును తాకును. ఆ చేతితోనే ముఖమును తాకినచో ప్రయోజనమేమి? పైగా తొడుగున్నదను ధీమాతో చేతులు కడుగుట మానుదురు. వాడి పారవైచిన తొడుగులు మన్నులో త్వరగా కలియవు.

వైద్యశాలలో తొడుగులు అవసరమే. అచట రోగిరోగికిని వానిని మార్చుదురు. సామాన్యులకు మాత్రము తరచుగ చేతులు కడుగుకొనుటయే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆనాడే తెలిపెను. శస్త్రవైద్యులకు రబ్బరు తొడుగులు లేని 1847లోనే, వియన్నాలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు బ్లీచింగు పొడి కలిపిన నీటితో వైద్యులచే చేతులు కడిగించి, బాలింతల మరణములను మిక్కిలి తగ్గించెను.

"వానలు లేని పావగడ సీమలో మాటిమాటికి కడుగుటకు నీరెక్కడిది?" అని కొందరందురు. న్యాయమైన ప్రశ్నయే. కాని చేతులు తడిపి, సబ్బుతో ఇరువది సెకనులు రుద్దునంతసేపు నీరు పారనక్కరలేదు. పిదప ఒక చెంబెడు నీరు చాలును.

వెంకటమ్మనహళ్లి తల్లిదండ్రులారా! ఇంటి వాకిట ఒక కుండెడు నీరు, ఒక సబ్బుబిళ్ల ఉంచుడు. బాలబాలికలారా! అన్నమునకు ముందు వానిని మరువకుడు. మహమ్మారి లేని దినములలోను ఈ అలవాటు మనలను కాపాడును.