చావిడిని కూల్చే ముందు

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామాలలో ఊరి నడుమ చావిడి ఉండడం ఒకప్పుడు సర్వసాధారణం. నాలుగు గోడలు, ముందొక అరుగు, పైన కప్పు. చూడడానికి అంతకు మించి ఏమీ లేదు. కాని రైతులు శిస్తు కట్టినదీ, గట్టు తగాదాలను పెద్దలు తీర్చినదీ, రాత్రిపూట బుర్రకథ విన్నదీ, దారిన పోయేవారు తలదాచుకున్నదీ అక్కడే.

1984లో మునసబు, కరణం పదవులు రద్దు కావడంతో చావిడికి పెద్దదిక్కు పోయింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ప్రజలకు అక్కడ పనీ లేకపోయింది. గోడల్లో రావి మొక్కలు మొలిస్తే పీకేవారుండరు. చివరకు "పాతబడింది, కూల్చేద్దాం" అనే మాట వస్తుంది.

ఇది తొందరపాటు. జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. అక్కడి మాంధాత శిల్పాన్ని చూడాలంటే మనవారు నేడు చెన్నై మ్యూజియానికి వెళ్ళాలి. శిల్పానికి కనీసం మ్యూజియమైనా దొరికింది. చావిడికి అదీ లేదు. అది ఊళ్ళో నిలిస్తే ఉన్నట్టు, కూలితే లేనట్టు. పురావస్తు శాఖ ప్రతి ఊరి చావిడినీ కాపాడలేదు. ఊరే కాపాడుకోవాలి.

కప్పు మీద పడితే ఎవరు బాధ్యులని అడిగేవారి భయం న్యాయమైనదే. అందుకే ముందుగా ఇంజనీరు చేత పరీక్ష చేయించాలి. దూలం పుచ్చితే దూలం మార్చాలిగాని కట్టడమంతా కూల్చనక్కరలేదు. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి గోడ మరింత చెడుతుంది. సున్నంతోనే మరమ్మతు చేయాలి. సిమెంటు కర్మాగారాలకే రాయినిస్తున్న ఈ ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు.

చావిడి స్థలం పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో నమోదైనదీ లేనిదీ సర్పంచులు చూడాలి. గ్రామసభలో చర్చించకుండా గడ్డపార వేయరాదని తీర్మానించాలి. చావిడి ముచ్చట్లు తెలిసిన వృద్ధుల చేత చెప్పించి, బడి పిల్లలు రాసి ఉంచాలి. అన్నిటికీ మించి దానిని తిరిగి వాడుకలోకి తేవాలి. ఉదయం నాలుగు దినపత్రికలు, సాయంత్రం పిల్లల చదువు, వారానికొక భజన చాలు. మనుషులు మసలే ఇల్లు త్వరగా పాడుపడదు.

కొత్త భవనం నిధులు వస్తే ఎప్పుడైనా కట్టవచ్చు. తాతలు కూర్చున్న అరుగును మాత్రం ఏ నిధులతోనూ కట్టలేము. గ్రామస్థులు ఆలోచించాలి.