ముందు ఎస్టిమేట్ వేసుకోండి

సివిల్ వాళ్ళకి ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. మట్టి పని ఎంత, ఇటుక ఎంత, సిమెంటు ఎన్ని బస్తాలు, కూలి ఎంత, అన్నీ లెక్క వేశాకే పునాది తవ్వాలి. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు చెప్పేది కూడా అచ్చంగా ఇదే. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని తన దగ్గరున్నది సరిపోతుందో లేదో చూసుకోడా, పునాది వేసి మధ్యలో ఆపేస్తే చూసినవాళ్ళు నవ్వరా అని అడుగుతాడు. ఇది పన్నెండుమందిని పక్కకి పిలిచి చెప్పిన మాట కాదు. పెద్ద గుంపు వెంట నడుస్తుంటే వెనక్కి తిరిగి చెప్పిన మాట. జనం పెరుగుతుంటే సంబరపడాల్సింది పోయి, ఖర్చు ఎక్కువవుతుంది, ఆలోచించుకుని రండి అంటున్నాడు. ఇప్పుడు ఏ సభలోనైనా, ఏ ఫ్లెక్సీ మీదైనా ఈ మాట కనబడుతుందా?

శిష్యుడు అనే పదం మనకి కొత్తదేం కాదు. గురువు ఇంట్లో ఉండి, నీళ్ళు మోసి, ఆయన చేసేది చూసి నేర్చుకునేవాడు. మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడూ శిష్యుడే. తాపీ పట్టుకోకుండా తాపీ పని గురించి రోజూ వింటూ కూర్చునేవాణ్ణి ఎవరూ శిష్యుడు అనరు. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి, సండే స్కూల్ నుంచి వింటూనే ఉన్నాను. అయితే వినేవాడికి, వెంట నడిచేవాడికి మధ్య ఉన్న తేడా గురించి మా వాళ్ళు మాట్లాడుకోవడం తగ్గిపోయిందనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

హాస్టల్లో శుక్రవారం రాత్రి ప్రార్థన కూడిక జరుగుతుంది. గిటార్ ఉంటుంది, పాటలు బాగుంటాయి, నేనూ వెళ్తాను. చివర్లో సాక్ష్యాలు. బ్యాక్‌లాగ్ క్లియర్ అయింది, దేవునికి స్తోత్రం. ఫలానా కంపెనీలో ఆఫర్ వచ్చింది, దేవునికి స్తోత్రం. తప్పని అనను, కృతజ్ఞత మంచిదే. కానీ ఇన్ని సెమిస్టర్లలో ఒక్కరు కూడా లేచి, "ప్రాక్సీ వెయ్యమంటే వెయ్యలేదు, ఫ్రెండు మాట్లాడటం మానేశాడు" అని చెప్పగా వినలేదు. "ల్యాబ్ రికార్డు కాపీ కొట్టలేదు, రెండు మార్కులు పోయాయి" అన్నవాళ్ళూ లేరు. అలాంటివాళ్ళు లేక కాదు, ఉన్నారు. దాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టడం మనకి అలవాటు లేదు, అంతే. వచ్చినదానికే మైకు ఇస్తాం. పోయినదాన్ని ఎవరూ అడగరు.

ఈ జబ్బుకి జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ ఒక పేరు పెట్టాడు. చౌక కృప. 1937లో శిష్యత్వం మీద రాసిన పుస్తకంలో ఆయన వాదన ఇది: పశ్చాత్తాపం లేకుండా క్షమాపణ, సిలువ లేకుండా రక్షణ పంచిపెడుతూ పోతే చర్చి లోపల నుంచే చచ్చిపోతుంది. అప్పటికి జర్మనీలో చాలా చర్చిలు హిట్లర్‌కి తలొగ్గి ఉన్నాయి. 1939లో ఆయన న్యూయార్క్ వెళ్ళాడు. అక్కడే భద్రంగా ఉండిపోవచ్చు. నెల తిరక్కుండానే జర్మనీకి తిరుగు ఓడ ఎక్కాడు. (అమెరికా వెళ్ళి నెలలో వెనక్కి రావడమంటే మన ఇళ్ళలో పిచ్చి పట్టిందంటారు.) 1943లో అరెస్టు చేశారు, 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. మరో నెలకి యూరప్‌లో యుద్ధం అయిపోయింది.

బోన్‌హోఫర్ పేరు చెబితే, అవన్నీ మహానుభావుల కథలురా అంటారు మావాళ్ళు. సరే, అంత దూరం వద్దు. ఒంగోలు చాలు.

యర్రగుంట్ల పేరయ్య ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు, అంటే శిష్యరికం అంటే ఏమిటో తెలిసినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక పల్లె పల్లెకీ మాట పాకింది. అలా వచ్చినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు.

కాగితం మీద చూస్తే చిన్నవిగా ఉంటాయి. ఊళ్ళో పెట్టి చూడండి. కోతల రోజుల్లో ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం, ఆ కోపం కళ్ళంలో ఇచ్చే గింజల మీద పడుతుంది. విగ్రహారాధన వద్దంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం ఆగిపోతుంది, అంటే ఊరంతటితో పేచీ. పనుల్లోంచి తీసేశారు, నీళ్ళు ఆపారు, తప్పుడు కేసులు పెట్టారు. ఏమీ లేనివాళ్ళు ఉన్న ఆ కాస్త ఆసరానీ పణంగా పెట్టారు. ఇదీ ఎస్టిమేట్ అంటే.

ఈ మూడింటిలో రెండోదానితో నాకు కొంచెం పేచీ ఉంది. వేరే తిండి దొరకనివ్వని ఊరిని వదిలేసి, తిన్నవాడి మీద నియమం పెట్టడం ఏమిటి అని. డప్పు సంగతి కూడా అంతే, ఇవాళ అది ఆత్మగౌరవం, కళ. కానీ అప్పట్లో అది వెట్టి. కొట్టనని చెప్పే హక్కు ఉందని తెలియడమే వాళ్ళకి పెద్ద విషయమై ఉంటుంది. ఇప్పటి కళ్ళతో చూసి వాళ్ళని తీసెయ్యలేం.

వాళ్ళని చేర్చుకున్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. మన బ్రాంచి వాళ్ళకి చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆయన అమెరికాలో కుర్రతనంలో గొలుసు పట్టుకుని భూములు కొలిచిన సర్వేయరు. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోతుంటే, ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో కొన్ని మైళ్ళ ముక్కని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. తన బోధకుల్నే పనిమీద పర్యవేక్షకులుగా పెట్టాడు. మట్టి తట్టలు మోసే వేలమందికి కూలి ఇప్పించాడు. సాయంత్రాలు వాక్యం చెప్పేవాళ్ళు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

ఇవ్వలేదు. కరువు ఉన్నన్నాళ్ళూ ఇవ్వనన్నాడు. ఆకలిలో ఉన్నవాడు అన్నం కోసం తల వంచాడో దేవుడి కోసం వంచాడో ఎవరికీ తెలియదు, అతనికే తెలియకపోవచ్చు. మతం మార్పిడి పేరెత్తితే బియ్యం మూటల కథ చెప్పేవాళ్ళు మన క్యాంటీన్లో కూడా ఉన్నారు. ఆ అనుమానం తప్పని నేననను, అలాంటివి ఎక్కడా జరగలేదనీ అనను. కానీ ఇక్కడ మాత్రం సహాయం అయిపోయింది, ఇంక డబ్బు లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మావాళ్ళు ఆ అంకెని గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే ఆ ముందు నెలల సున్నాయే గొప్పగా అనిపిస్తుంది. కోరినవాళ్ళు ఎదురుగా ఉండగా లెక్క పెంచుకోకుండా ఆగడం ఏ సంస్థకైనా కష్టం.

ఇక ఇప్పటి సంగతి. నా కుల ధృవీకరణ పత్రం మీద బీసీ-సి అని ఉంటుంది. ఇది తెలియనివాళ్ళ కోసం: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాకుండా పోతాడు. మన దగ్గర అతన్ని బీసీ-సిలో పెట్టారు, దానికి రిజర్వేషన్ 1 శాతం. మా పెదనాన్న పిల్లల కాగితాల్లో ఎస్సీ, హిందూ అని ఉంటుంది. ఆదివారం మేమంతా ఒకే చర్చిలో, ఒకే వరసలో కూర్చుంటాం. నాన్న ఉన్నదున్నట్టు రాయించారు. ఎందుకని ఒకసారి అడిగితే, "అబద్ధం రాయించి ప్రార్థన ఎలా చేస్తాంరా" అని ఊరుకున్నారు. పెదనాన్ననీ అడిగాను. "చర్చికెళ్తే ఊళ్ళో నా కులం పోయిందా? పోలేదుగా. మరి కాగితంలో ఎందుకు పోవాలి?" అన్నారు.

ఇద్దర్లో ఎవరు నిజమైన శిష్యుడు అని నన్నడగొద్దు. నాన్న చేసింది నాకు గర్వమే. కానీ పెదనాన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఆయన్ని పులిపిటం మీద నుంచి వేషధారి అని తిట్టే బోధకుడి దగ్గరా లేదు. ఒక కూలివాడి కొడుకుని, నీ సీటు వదులుకుని నీ విశ్వాసం నిజమని నిరూపించు అనడం తేలిక. ఆ మాట అనేవాళ్ళలో చాలామందికి క్రీస్తుని నమ్మడం వల్ల ఏ కాగితం మీదా ఒక్క అక్షరం కూడా మారలేదు. ఓసీగా ఉన్నవాళ్ళు చర్చిలో చేరినా ఓసీయే. వాళ్ళకి ఆ గోపురం ఉచితంగా వచ్చింది.

నా వాదనంతా వాళ్ళతోనే. ఒంగోలులో తొలిరోజుల్లో పై కులాలవాళ్ళు కొందరు ఆసక్తితో వచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారని చెబుతారు. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగం వచ్చిందట, దేవుడు లోకంలో నీచులైనవాళ్ళని ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. అద్భుతమో యాదృచ్ఛికమో మీ ఇష్టం. జరిగిందేమిటంటే, పలుకుబడి ఉన్నవాళ్ళని పోనిచ్చి మాదిగల్నే తీసుకున్నాడు. సుమారు నూట అరవై ఏళ్ళ తర్వాత, క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనలు తీసి చూడండి. రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను. ఆ పక్కనే కులం పేరు. ఆదివారం ఒకే రొట్టె విరుచుకుని తిన్నవాళ్ళే ఇవి వేయిస్తున్నారు. పేరయ్యకి ఆదివారం ఖర్చు కళ్ళంలో గింజలు. బాగా చదువుకుని, మంచి ప్యాకేజీలు తెచ్చుకోబోతున్న మన బ్యాచి క్రైస్తవులకి ఆ ప్రకటనలోంచి ఒక్క పదం తీసేయించడం ఎంత ఖర్చవుతుందో, ఇంట్లో అమ్మా నాన్నలతో కూర్చుని ఒకసారి లెక్క వెయ్యండి.