తూము తిప్పిన చేతికి ఓటేది?

వరంగల్ భద్రకాళి చెరువు కట్ట 2023 జులై వరదల్లో పోతననగర్ వైపు తెగింది. 2024 నవంబరులో అదే చెరువు నీళ్లను బయటికి వదిలి పూడికతీత మొదలుపెట్టారు. తెగినప్పుడు ఇసుక బస్తాలు వచ్చాయి, ఎండగట్టినప్పుడు పొక్లెయిన్లు వచ్చాయి. ఈ మధ్య సెమినార్లలో ఇంకో మాట కూడా వినిపిస్తోంది: సంప్రదాయ జ్ఞానాన్ని సైన్సుతో కలిపి చెరువుల్ని బతికించాలని. మంచి మాటే. ఆ జ్ఞానం ఎవరిదన్నదే మా ప్రశ్న.

ఓరుగల్లు చెరువులనగానే గణపతిదేవుడి పేరు, రేచర్ల రుద్రుడి పేరు చెబుతారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నాటివే. తవ్వించినవాళ్లు చరిత్రకెక్కారు. ఆ తర్వాత వందల ఏళ్లు ఊరూరా చెరువులను నిలబెట్టింది నీరటోళ్లు. కొన్నిచోట్ల నీరడి అంటారు. తెలంగాణ పల్లెల్లో ఈ పని చేసినవి ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలే.

నీరటి పని అంటే తూము తెరిచి మూయడం ఒక్కటే కాదు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో, చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టులో ఎంత భూమికి సరిపోతాయో అతనికి తెలుసు. కట్టకు ఎలుకలు, ఎండ్రికాయలు బొక్కలు చేస్తే ఊట ఎక్కడ మొదలవుతుందో చూసి బంకమట్టితో పూడ్చేవాడు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు ఎంతసేపట్లో చేరతాయో లెక్కగట్టేవాడు. గొలుసుకట్టు చెరువులకు ఇదే ప్రాణం. ఇంజినీర్లు జలవిజ్ఞానం అని పిలిచేది ఇదే. నీరటి దాన్ని రాత్రిపూట వానలో కట్ట మీద నిలబడి నేర్చుకున్నాడు.

అలాగని సైన్సు అక్కర్లేదని మేం అనడం లేదు. గుర్రపుడెక్క కమ్మేసిందంటే మురుగు చేరుతోందని ఎవరైనా చెబుతారు. ఏ నాలా నుంచి ఎంత నత్రజని, ఎంత భాస్వరం వస్తోందో చెప్పాల్సింది ప్రయోగశాలే. భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు నగరానికి తాగునీటి నిల్వలు కూడా. పూడిక తీసి, మురుగునాలాల్ని అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు మళ్లీ మొదటికే వస్తాం.

రెండూ కలవడం సాధ్యమే. 2000ల మధ్యలో మానేరు ఉపనది సాలివాగు పరీవాహకంలో వరంగల్ సంస్థ మారి, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కలిసి 12 చెరువుల పూడిక తీయించాయి. రైతులు ఆ మట్టిని పొలాల్లో చల్లుకున్నారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ లక్ష్యం 46 వేలకు పైగా చెరువులు. అక్కడా పూడికమట్టిని రైతులే సొంత ఖర్చుతో తోలుకోవాల్సి వచ్చింది. అంటే భూమి ఉన్నవాడికి, ట్రాక్టర్ కిరాయి కట్టగలిగినవాడికి మట్టి దక్కింది. చెరువును కాచినవాడికి చాలాచోట్ల భూమే లేదు.

చట్టం సంగతీ చూద్దాం. 1955 నాటి తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టంలో నీరడి ఇనాముల ప్రస్తావన పేరుతో సహా ఉంది. రాజ్యానికి నీరటి ఎవరో తెలుసన్నమాట! 1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం వచ్చి నీటి సంఘాలను పెట్టింది. వాటిలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికి, కౌలుదారులకు. మిగతా నీటి వాడకందార్లు సభ్యులు కావచ్చు గానీ వాళ్లకు ఓటు లేదు. తూము తిప్పిన చేతికి ఆ తూము గురించి చెయ్యెత్తే హక్కు లేకుండా పోయింది.

ఇక్కడ మనవాళ్లలోనే ఒక భయం ఉంది, న్యాయమైనదే. నీరటి పని వెట్టితో, కులంతో కట్టేసిన పని. ఊరి పొలాలన్నిటికీ నీళ్లు పారించినవాడు ఊరి బావిలో చేద వేయలేకపోయాడు. చెరువు నీళ్లు తాగే హక్కు కోసం అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో వేలమందితో కదిలారు. ఆ కట్టుబానిసతనాన్ని 'వారసత్వ జ్ఞానం' అని పొగిడి మళ్లీ మన పిల్లల మెడకు చుడితే ఒప్పుకోం. గ్రామసేవకుల వారసులు వీఆర్‌ఏలుగా చాలీచాలని జీతాలతో ఏళ్లు గడిపి, 2022లో సమ్మె చేసి, 2023లో గానీ రెగ్యులర్ కాలేదు.

న్యూజిలాండ్‌లో 2017లో వాంగనుయి నదికి చట్టబద్ధ వ్యక్తిత్వం ఇచ్చినప్పుడు, నది తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వం, మరొకరిని మావోరీ తెగలు నియమించేలా రాశారు. అక్కడ స్థానికుల జ్ఞానంతోపాటు కుర్చీ కూడా వచ్చింది.

వరంగల్‌లో చేయాల్సింది కష్టమైనదేం కాదు. ఒక చెరువులో యంత్రం దించే ముందు, బతికున్న నీరటి పెద్దలతో కట్ట, కాలువ, మత్తడి నడిచి పటం గీయాలి. ఆ రోజులకు కన్సల్టెంటుకు ఇచ్చినట్టే ఫీజు ఇవ్వాలి. ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ విద్యార్థులు ఈ పని ఈ ఎండాకాలమే మొదలుపెట్టవచ్చు. తూముల దగ్గర నియామకాలు కులాన్ని బట్టి కాక శిక్షణతో, పూర్తి జీతంతో జరగాలి. దళితుల అసైన్డ్ భూములకు పూడికమట్టిని ప్రభుత్వ ఖర్చుతో తోలాలి. 1997 చట్టాన్ని సవరించి భూమి లేనివారికీ ఓటు ఇవ్వాలి. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి పటాల పని ముందు.