ఎర్ర నేల మీద ఖాసా సుబ్బారావు

సూర్యాపేటలో సాహిత్య సభ పెడితే తెలంగాణ సాయుధ పోరాటం ఊసెత్తని వక్త అరుదు. ఆ పోరాట నాయకుల్లో ధర్మభిక్షం తిరిగిన ఊరు, భీమిరెడ్డి నరసింహారెడ్డి పుట్టిన కరివిరాల ఉన్న ప్రాంతం, ఎత్తాల్సిందే. ఇక్కడ నుంచి వచ్చే పత్రిక ఒక కుడిపక్ష సంపాదకుణ్ణి తలుచుకుంటే కొందరికి రుచించదు. తెలిసే తలుచుకుంటున్నాం.

ఖాసా సుబ్బారావు నెల్లూరు జిల్లావారు. ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో పెట్టిన ఇంగ్లీషు దినపత్రిక 'స్వరాజ్య'లో పనిచేశారు. అందులో జీతాలు సరిగా అందేవి కావు, అయినా అక్కడ చేరిన వాళ్లు పెద్ద పాత్రికేయులయ్యారు. తరవాత ఖాసా సొంతంగా 'స్వతంత్ర' వారపత్రిక నడిపారు. ఆ గూటి నుంచే 'తెలుగు స్వతంత్ర' వచ్చింది. దాన్ని గోరాశాస్త్రి చేతికి అప్పగించారు. గోరాశాస్త్రి 'వినాయకుడి వీణ' శీర్షిక చదివిన పాతతరం ఇప్పటికీ ఆ వ్యంగ్యాన్ని మెచ్చుకుంటుంది. ఖాసా రాజకీయాలు ఎలా ఉన్నా, తెలుగు వచనం ఆయనకు ఈ విషయంలో బాకీ పడింది.

1955లో ఆవడి కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజం కావాలని తీర్మానించింది. మరుసటి ఏడాదే రాజాజీ అండతో, పాత దినపత్రిక పేరే పెట్టి ఖాసా 'స్వరాజ్య' వారపత్రిక తెచ్చారు. దేశమంతా నెహ్రూకు జేజేలు కొడుతున్న రోజుల్లో లైసెన్సులకూ పర్మిట్లకూ ఎదురు నిలబడటం లాభసాటి వ్యవహారం కాదు. ఇలా గాలికి ఎదురు రాసినవాడు ఖాసా ఒక్కడే కాదు: ఫ్రాన్సులో రేమండ్ ఆరాన్ 'ఫిగారో' పత్రికలో ఉంటూ అదే 1955లో 'మేధావుల నల్లమందు' పుస్తకం వేసి, సాటి మేధావుల చేత చీవాట్లు తిన్నాడు. ఇక్కడ అదే ధోరణితో 1959లో స్వతంత్ర పార్టీ పుట్టింది. మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా దానికి తొలి అధ్యక్షుడు. 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. ఖాసా 1961లోనే పోయారు.

ఇక మా తగవు. ఆస్తి హక్కు మనిషి స్వేచ్ఛకు కంచె అని మద్రాసులో రాస్తే వినడానికి బాగుంటుంది. సూర్యాపేట తాలూకా దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఎవరి ఆస్తి, ఎలా వచ్చిన ఆస్తి అన్న ప్రశ్నను దాటేసిన స్వేచ్ఛావాదం వెట్టి చేసిన కుటుంబాలకు ఏం చెబుతుంది? మిర్యాలగూడ, కోదాడ వైపు కనిపించే పచ్చదనం కూడా ప్రభుత్వ సొమ్ముతో కట్టిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ పుణ్యమే. 1955 డిసెంబరులో నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువకు నీళ్లొచ్చాయి. ఏ వ్యాపారీ తన లాభం చూసుకుని ఆ ఆనకట్ట కట్టేవాడు కాదు.

అలాగని ఖాసాను పక్కన పెట్టలేం. అదే కాలువ కింద వడ్లు పండి, మిర్యాలగూడ నిండా రైసు మిల్లులు లేచాక, 2015లో ఎత్తేసే దాకా మిల్లులు సర్కారుకు తప్పనిసరిగా అమ్మాల్సిన లెవీ బియ్యం పేరుతో సర్కారు పట్టు ఎలా ఉండేదో మిల్లు గుమాస్తాలను అడగండి. కాగితం మీద సంతకం పడేదాకా లారీ కదలని ఆ తంతు గురించి మనవైపు కథల్లో ఎంత తక్కువగా వచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దొర జులుం మీద మనకు నవలలున్నాయి. ఆఫీసు జులుం మీద? అక్కడ మన కలం మొహమాటపడింది. ఆ మొహమాటం లేనివాడు గనకనే ఖాసా కావాలి.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా పత్రికకు వచ్చే వ్యాసాలన్నీ ఒకే చెయ్యి రాసినట్టు ఉంటున్నాయి. మా అభిప్రాయాలతో సరిపడని వాళ్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తప్పకుండా ఉన్నారు. రాసి పంపండి. కత్తిరించకుండా వేస్తాం, జవాబు తరవాతి సంచికలో చెబుతాం.