లెక్క అడుగు అధికారి

మన పల్లెలలో కరణము వ్రాసినదే లెక్కగా చెల్లిన కాలమొకటి ఉండెడిది. అయినను ఫసలీకొకసారి జమాబందీ వచ్చినప్పుడు ఆ కరణమే అడంగలు, చిట్టాలు చంకన పెట్టుకొని పై అధికారి ముందు నిలువవలసి వచ్చెడిది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకము రద్దయినది. కాని అందులోని సూత్రము రద్దు కాలేదు. లెక్క వ్రాయువాడు ఒకడు, చూచువాడు వేరొకడు కావలెను. చూచువాడు వ్రాసినవాని దయకు లోబడినవాడు కారాదు.

దేశమంతటి లెక్కను ఈ విధముగా చూచుటకు రాజ్యాంగము ఒక అధికారిని నియమించినది. ఆయన పేరు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. నేటి పత్రికలు క్లుప్తముగా ‘కాగ్’ అనుచున్నవి. ఈ పదవికి మూలము 1860 నాటిది. ఆ యేడు ఎడ్వర్డ్ డ్రమ్మండ్ అను దొర తొలి ఆడిటర్ జనరల్ అయినాడు. 1949 మే 30న రాజ్యాంగసభలో ఈ పదవిని గురించి చర్చ వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్, రాజ్యాంగములోని అధికారులందరిలో బహుశః ఈయనయే ముఖ్యుడని, ఈయన విధులు న్యాయస్థానముల విధులకంటెను గొప్పవని అభిప్రాయపడినారు. 2024 నవంబరు 21న ఈ పదవీ ప్రమాణము చేసిన కె. సంజయ్ మూర్తి మన తెలుగువారే. ఇది మనకు సంతోషము కలిగించు విషయమే. కాని ఆ పదవికి గల బలమెంత, బలహీనత యెంత అను ప్రశ్నకు అది సమాధానము కాదు.

ఆ పని యెట్టిదో ఉపాధ్యాయులకు దగ్గరి ఉదాహరణతో చెప్పవచ్చును. 2014లో ప్రభుత్వ పాఠశాలలలో మరుగుదొడ్లు కట్టించు బాధ్యతను కేంద్రము కొన్ని ప్రభుత్వరంగ సంస్థలకు కూడ అప్పగించినది. లక్షా నలుబదివేలకు పైగా కట్టితిమని ఆ సంస్థలు లెక్క చెప్పినవి. ఆడిట్ సిబ్బంది ఆ కాగితముతో తృప్తిపడక పాఠశాలలకే పోయి 2,695 మరుగుదొడ్లను కంటితో చూచినారు. అందులో 83 అసలు మొదలే కాలేదు. మరి 200 కట్టినట్లు కాగితములో ఉన్నవి, నేలమీద లేవు. 86 సగములో ఆగినవి. నిలిచియున్నవానిలోను నూటికి 72 వంతులకు నీటి వసతి లేదు. 2020 సెప్టెంబరులో ఈ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినది. నీరు లేని మరుగుదొడ్డి ఉన్న పాఠశాలలో ఎదిగిన ఆడపిల్ల ఏమగునో ఉపాధ్యాయులకు నేను చెప్పవలసిన పని లేదు.

నేడు ఈ తనిఖీ నేలమీదనే కాక యంత్రములలోని లెక్కలమీద కూడ జరుగుచున్నది. పేదల వైద్యమునకై పెట్టిన ఆయుష్మాన్ భారత్ పథకముపై 2023 ఆగస్టులో వచ్చిన నివేదికను చూడుడు. తొమ్మిది అంకెను పదిమార్లు వ్రాసిన ఒకే ఒక మొబైల్ నంబరు క్రింద 7,49,820 మంది లబ్ధిదారులు నమోదైయున్నారు. అంతకుముందే మరణించినట్లు నమోదైన 3,446 మంది రోగుల చికిత్సకై 6.97 కోట్ల రూపాయలు చెల్లించినారు. లబ్ధిదారుని గుర్తించుటకు ఫోను నంబరు ఆధారము కాదని ప్రభుత్వము బదులు చెప్పినది. ఆ మాటలో కొంత నిజము ఉండవచ్చును. కాని చచ్చినవానికి చికిత్స జరిగినదన్న పద్దుకు ఆ బదులు చాలదు.

ఇంతవరకు చదివిన విద్యార్థి, “ఐతే ఆ దొంగలను ఈయన ఏమి చేసినాడు?” అని అడుగును. ఏమియు చేయడు. చేయుటకు అధికారము లేదు. ఈయన ఎవరిని అరెస్టు చేయలేడు, ఒక్క రూపాయిని వెనుకకు రాబట్టలేడు, ఒక గుమాస్తాను సస్పెండు చేయలేడు. ఈయనకు కన్నులున్నవి, నోరున్నది, చేతులు లేవు. కేంద్రపు లెక్కలపై నివేదికను రాష్ట్రపతికి, రాష్ట్రపు లెక్కలపై నివేదికను గవర్నరుకు ఇచ్చును. వారు దానిని చట్టసభల ముందు ఉంచుదురు. పిదప ప్రజాపద్దుల సంఘము ఆయా శాఖల కార్యదర్శులను పిలిచి ప్రశ్నించును. 1967 నుండి పార్లమెంటులో ఆ సంఘపు అధ్యక్షతను ప్రతిపక్ష సభ్యునికి ఇచ్చు సంప్రదాయము నడచుచున్నది, మంచి సంప్రదాయము.

పదవి పేరులోని ‘కంప్ట్రోలర్’ అను మాట వట్టి అలంకారమే. ఇంగ్లండులో ఆ పేరు గల అధికారి అనుమతి లేనిదే ఖజానానుండి సొమ్ము కదలదు. మన దేశములో ఆ తాళపుచెవి ఆయన చేతికి ఎన్నడును రాలేదు. సొమ్ము పోయిన పిదప వచ్చి, ఎట్లు పోయినదో చెప్పుటయే ఆయన పని.

చేతులు లేని అధికారికి రాజ్యాంగము కవచము మాత్రము గట్టిగానే తొడిగినది. 148వ అధికరణము ప్రకారము ఆయనను తొలగింపవలెనన్న సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించునంత తతంగము కావలెను. జీతము సంచిత నిధినుండి వచ్చును. దానిమీద సభలో ఓటు లేదు. పదవి దిగిన తరువాత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల క్రింద మరి యే ఉద్యోగమునకు ఆయన అర్హుడు కాడు. ఈ కవచపు విలువ తెలియవలెనన్న అమెరికా వంక చూడవలెను. అచ్చట ప్రతి శాఖలో మోసములను, దుబారాను కనిపెట్టుటకు 1978 నాటి చట్టము ఇన్‌స్పెక్టర్ జనరళ్ళను ఏర్పరచినది. 2025 జనవరిలో, పదవి చేపట్టిన నాలుగైదు దినములకే, అధ్యక్షుడు ట్రంప్ పదునేడుగురు ఇన్‌స్పెక్టర్ జనరళ్ళను ఒక్క రాత్రిలో తొలగించినాడు. ముప్పది దినములు ముందుగా కాంగ్రెసుకు కారణములు తెలుపవలెనని చట్టములో ఉన్నది; తెలుపలేదు. ఆ తొలగింపు చట్టవిరుద్ధమని అదే యేడు సెప్టెంబరులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి చెప్పినది గాని, వారిని తిరిగి కుర్చీలో కూర్చుండబెట్టలేదు. మనదేశములో ఆడిటర్ జనరల్‌ను ఈ విధముగా ఇంటికి పంపుట సాధ్యము కాదు.

పంపుట కష్టమే, తెచ్చుట మాత్రము చాల సులభము. లోపము ఇచ్చటనే ఉన్నదని నా ఉద్దేశము. రాష్ట్రపతి నియమించునని రాజ్యాంగము అన్నది. అనగా ఆచరణలో ప్రభుత్వము తాను తలచినవానిని నియమించును. అర్హతలు వ్రాసి లేవు, ఎంపిక సంఘము లేదు. సెంట్రల్ విజిలెన్స్ కమిషనరును ఎన్నుకొనుటకు ప్రధానమంత్రి, హోంమంత్రి, ప్రతిపక్ష నాయకుడు కూడిన సంఘమొకటి ఉన్నది. ఆ సంఘము చేసిన నియామకమునే 2011 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసినది. అంతకంటె పెద్దదైన ఈ పదవికి ఆపాటి పరీక్ష కూడ లేదు. 2013లో నియమితులైన శశికాంత్ శర్మ అంతకుముందు రక్షణశాఖ కార్యదర్శి. నేటి సంజయ్ మూర్తి ఉన్నతవిద్యాశాఖ కార్యదర్శి. వ్యక్తుల నిజాయితీని నేను శంకించుట లేదు. నిన్న తాను సంతకము పెట్టిన ఫైలును నేడు తానే తనిఖీ చేయవలసిన స్థితి ఎంతటి నిజాయితీపరునికైనను ఇబ్బందియే. ఇంగ్లండులో ఈ నియామకమునకు ప్రధానమంత్రి, ప్రజాపద్దుల సంఘాధ్యక్షుని సమ్మతి పొంది, కామన్స్ సభలో తీర్మానము ప్రతిపాదించవలెను. మనకు ఎంపిక సంఘము కావలెనన్న అర్జీపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్రమునకు నోటీసు ఇచ్చినది.

మోసము జరుగకుండ ఆపుట మాత్రము ఈ ఒక్క అధికారివల్ల అగు పని కాదు. బీహారు పశుదాణా కుంభకోణము అందుకు సాక్ష్యము. 1996 జనవరిలో చాయిబాసాలో అది బయటపడినప్పుడు దేశము నివ్వెరపోయినది. దాణా తెచ్చిన లారీలవని బిల్లులలో చూపిన నంబర్లలో కొన్ని స్కూటర్లవని ఆడిట్ తేల్చినది! ఈ వేడుక ఒకటి రెండు నెలలు కాదు, ఏండ్ల తరబడి సాగినది. శాసనసభ మంజూరు చేసినదానికి ఎన్నో రెట్లు ఖజానానుండి డబ్బు పోవుచుండగా, బిల్లు పాసు చేసిన ట్రెజరీ అధికారి, పద్దు చూడవలసిన ఆర్థికశాఖ ఏమి చేసినట్లు? నివారణ వారి చేతిలో ఉన్నది. స్కూటరుమీద టన్నుల దాణా రాదని తెలియుటకు ఢిల్లీనుండి ఒకరు రానక్కరలేదు.

ఆడిట్ మాటకు విలువ యున్నదని చెప్పుచునే, దానిని చదువవలసిన తీరు కూడ చెప్పవలెను. 2010 నవంబరులో వినోద్ రాయ్ కాలమున వచ్చిన 2జి స్పెక్ట్రం నివేదికలో ప్రభుత్వమునకు కలిగినట్లు ఊహింపదగిన నష్టము 1,76,645 కోట్ల రూపాయల వరకు చూపబడినది. వీథి అరుగులమీద సైతము ఆ అంకె మార్మ్రోగినది. అంత సొమ్మును ఎవరో సంచులలో మోసికొనిపోయినట్లు జనము తలచినారు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసినది. 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము నిందితులందరిని నిర్దోషులని విడిచినది. ఆ తీర్పుపై సి.బి.ఐ. అప్పీలును 2024లో ఢిల్లీ హైకోర్టు విచారణకు స్వీకరించినది. కొందరికి ఇది వింతగా తోచినది. వింత లేదు. పద్ధతి తప్పినదని చెప్పుట ఒకటి, ఫలానావాడు లంచము తిన్నాడని ఋజువు చేయుట వేరొకటి. మొదటిది ఆడిటర్ పని, రెండవది పోలీసు పని. ఆ నివేదికలో నాకు ముఖ్యముగా తోచినది ఆ మహా సంఖ్య కాదు. దరఖాస్తులకు గడువు తేదీని వెనుకకు జరిపిన వైనము. ఆ సంగతి గుర్తున్నవారు ఎందరు?

చివరకు ఆలస్యపు సంగతి. తెలంగాణములో కాళేశ్వరము ఎత్తిపోతలకు 81,911 కోట్లు అగునని తొలుత అంచనా. మేడిగడ్డ బరాజు స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినవి. ఆడిట్ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభకు వచ్చినది: ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చుననియు, పెట్టిన ప్రతి రూపాయికి రాగల ప్రయోజనము 52 పైసలే యనియు. ఇచ్చట ఎవరో నివేదికను దాచినారని నేననుట లేదు. కట్టిన పిదప చూచు పద్ధతిలోనే ఆ ఆలస్యమున్నది. ఢిల్లీ సంగతి వేరు. అచ్చటి ప్రభుత్వముపై సిద్ధమైన పదునాలుగు నివేదికలు సభ ముందుకు రాక నిలిచిపోయినవి. ఆలస్యమును ఢిల్లీ హైకోర్టు 2025 జనవరిలో తప్పుపట్టినది గాని, సభను పిలువుమని ఆజ్ఞాపింపలేదు. ఎన్నికలు ముగిసి ప్రభుత్వము మారిన తరువాతనే, ఫిబ్రవరి 25న, మద్యం విధానముపై నివేదిక వెలుగు చూచినది. అందులో చూపిన నష్టము రెండువేల కోట్లకు పైచిలుకు. ఓటరు ఓటు వేయుటకు ముందు చదువవలసినది, వేసిన పిదప చదివినాడు.

నివేదికను సభల ముందు ఉంచవలెనని 151వ అధికరణము శాసించినది గాని, ఎప్పటిలోగా అన్నది చెప్పలేదు. ఆ ఖాళీలోనే ఏ పక్షపు ప్రభుత్వమైనను దాగుకొనగలదు. నివేదిక చేతికందిన మూడు నెలలలోగా, సభ అప్పుడు కూడియుండనిచో తరువాతి సమావేశపు తొలి వారములోగా ఉంచవలెనని ఒక్క వాక్యము చేర్చవలెను; ఆ గడువు దాటినచో నివేదికను నేరుగా ప్రజలకు ప్రకటించు హక్కు ఆ అధికారికి ఉండవలెను.